అక్కకు ఇమ్యునోథెరపీ: డేకేర్‌లో మూడు డోసులు

అక్కకు ఇమ్యునోథెరపీ చేస్తున్న ఆస్పత్రి డేకేర్‌కు ఐదుకు మూడున్నర స్టార్లు ఇస్తున్నా. తగ్గించిన ఒకటిన్నర బిల్లింగ్ కౌంటర్ ఖాతాలోది. హైదరాబాద్‌లోని ఆ ఆస్పత్రి పేరు రాయను, అక్క ఇంకా అక్కడికే వెళ్లాలి.

మాది మిర్యాలగూడ. ముఖం ఉబ్బి, షుగర్, బీపీ వచ్చాక అక్కకు పిట్యూటరీలో, అంటే మెదడు కింద ఉండే హార్మోన్ల గ్రంథిలో, గడ్డ ఉందని బయటపడింది. ముక్కులోంచి రెండు ఆపరేషన్లు, రేడియేషన్ అయ్యాయి. ఆ గడ్డ హార్మోను ఉసిగొల్పడంతో కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ మితిమీరి చేస్తున్నాయని, చివరికి ఆ రెండూ తీసేశారు. తర్వాత గడ్డ నుంచి వచ్చే ఆ హార్మోను ఇంకా పెరిగి చిగుళ్లు, వేళ్ల కణుపులు నల్లబడ్డాయి. గడ్డ మళ్లీ పెరిగి లివర్‌కు పాకింది. ఇలా దూరం పాకితేనే పిట్యూటరీ క్యాన్సర్ అంటారట. టెమోజోలొమైడ్ అనే కీమో క్యాప్సూల్స్ ఏడాది పనిచేసి ఆగాయి.

అప్పుడు పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు మాట వచ్చింది. డాక్టర్ మేడమ్ ఉత్త ఆశలు పెట్టలేదు. అమెరికాలో ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ ఆస్పత్రి వాళ్లు ఇలాంటి నలుగురికి ఇచ్చి 2020లో రాశారట. ఇద్దరికి గడ్డ తగ్గింది, ఒకరికి కొన్నాళ్లు నిలకడగా ఉంది, ఒకరికి పెరిగింది. "ఇది తెలిసే సంతకం పెట్టండి" అన్నారు. ఆ మాటకే ఒక స్టార్.

21 రోజులకోసారి 200 మిల్లీగ్రాములు, అంటే రెండు చిన్న సీసాలు. ఎక్కడానికి అరగంట. అక్క ఆ సీసా చూసి "గింత దానికా అరెకరం పోయింది?" అంది. నర్సు కూడా నవ్వింది.

ఆ నర్సులు బంగారం. క్యాన్సర్ మన రక్షక కణాలకు వేసే బ్రేకును ఈ మందు తీసేస్తుంది. బ్రేకు లేని కణాలు పేగుల మీదో, ఊపిరితిత్తుల మీదో, థైరాయిడ్ మీదో పడొచ్చు. అందుకే విరేచనాలా, దగ్గా, దద్దుర్లా అని అన్నీ అడిగాకే సూది ముట్టుకుంటారు. "హైడ్రోకార్టిసోన్ మాత్ర పొద్దున వేసుకున్నావా అమ్మా?" అని మరీ మరీ అడుగుతారు. అడ్రినల్స్ చేసే కార్టిసాల్‌కు బదులు ఆ మాత్రే; అవి లేని మనిషికి అది తప్పితే ప్రాణం మీదికే.

ఇక కౌంటర్. వాళ్ల రక్తపరీక్షల ప్యాకేజీలో థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, అంటే థైరాయిడ్‌ను నడిపించే హార్మోను, ఒక్కటే ఉంది. టీఎస్‌హెచ్ తయారయ్యేదే పిట్యూటరీలో. అదే పాడైనప్పుడు ఆ అంకెను ఏం నమ్మాలి? థైరాయిడ్ స్వయంగా చేసే హార్మోనును కొలిచే ఫ్రీ టీ4 పరీక్ష కావాలని మేడమ్ రాస్తే మళ్లీ బిల్లు, మళ్లీ రక్తం, మూడు గంటల ఎదురుచూపు. తెల్లవారుజామున బస్సెక్కి ఎల్బీనగర్‌లో దిగి మెట్రోలో వచ్చిన మనుషులం! రెండో డోసుకూ ఇదే తంతు. మూడోసారి నేనే ముందుగా ఫోన్ చేసి రాయించా. మీరూ అలాగే చేయండి. స్వెటర్ కూడా పెట్టుకోండి, లోపల ఏసీ వణికిస్తుంది.

నాలుగో డోసు తర్వాత స్కాన్. అక్క మాత్రం రోజూ అద్దం ముందు పెదవి ఎత్తి చిగుళ్లు చూసుకుంటోంది.