సిల్వర్ డోర్‌కి షేడ్ కలిపిస్తే ఎంతవరకు కలుస్తుంది: ఏళ్ల వాడకం తర్వాత

బండి మారుతి, రంగు సిల్కీ సిల్వర్, కోడ్ జెడ్2ఎస్. ఎడమ ముందు డోర్‌కి వైజాగ్ ఆటోనగర్‌లో కోడ్ చెప్పి కలిపించిన బేస్ కోటు (రంగు పూత), దాని మీద టూకే క్లియర్ (గట్టిపడేందుకు హార్డ్‌నర్ కలిపి వేసే రంగులేని మెరుపు పూత) పడి ఏళ్లు గడిచాయి. మెరుపు తగ్గలేదు, క్లియర్ ఎక్కడా పెచ్చు లేవలేదు. ఫెండర్ (ముందు చక్రం పైనుండే రేకు) వైపు అతుకు వెతికినా దొరకదు. వెనక డోర్ వైపు మాత్రం ఎండలో ఏటవాలుగా చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది. పెయింట్ ఒకటే, గన్ ఒకటే. ఫెండర్ మీదకి బ్లెండింగ్ చేశారు, అంటే కొత్త రంగుని పల్చబరుస్తూ దాని మీదకి పాకించారు; వెనక డోర్‌ని టేపు వేసి వదిలేశారు, అంతే.

కోడ్ ఒక్కటే సరిపోదు. ఒకే కోడ్‌కి కొంచెం తెల్లగా, కొంచెం ముదురుగా రకాలుంటాయి. పాత ప్యానెల్‌ని కాంపౌండ్‌తో రుద్ది మెరిపించాకే చిప్ (షేడ్ నమూనా ముక్క) పక్కన పెట్టి చూడాలి, లేదంటే మురికికి మ్యాచింగ్ చేసినట్టవుతుంది. సిల్వర్‌కి మెరుపునిచ్చే అల్యూమినియం పొడి డబ్బా అడుగున పేరుకుంటుంది కాబట్టి అడుగంటా కలపకుండా పోస్తే షేడ్ అక్కడే తప్పుతుంది.

తర్వాత టెస్ట్ కార్డు. అదే గన్‌తో, అదే ప్రెషర్‌తో కొట్టి, క్లియర్ కూడా వేసి, ఆరాక పగటి వెలుతురులో ఎదురుగానూ పక్కనుంచీ చూడాలి. ట్యూబ్‌లైట్ కింద నప్పిన షేడ్ బయట నప్పకపోవచ్చు. కోటు తడిగా పడితే సిల్వర్ ముదురుతుంది, పొడిగా పడితే తెల్లబడుతుంది. చాలా గొడవలు ఇక్కడివే, పాపం తిట్లు మిక్సింగ్ షాపు వాళ్లకి పడతాయి.

డోర్ బయటివైపుకి, బ్లెండింగ్‌తో కలిపి, థిన్నర్ కలపని బేస్ 250 మి.లీ. చాలు. ఫెండర్ మొత్తానికీ క్లియర్ వేయాలి కాబట్టి 400 మి.లీ. క్లియర్, 200 హార్డ్‌నర్. బేస్ మాత్రం కాస్త ఎక్కువే కలిపించండి, రెండోసారి కలిపింది అచ్చం అలాగే రాదు.

ఫెండర్‌ని 1000 నంబరు నీళ్ల పేపర్‌తో మెరుపు పోయేదాకా రుద్దాలి. మొదటి కోటు డోర్ వరకే, రెండోది జానెడు అవతలికి, మూడోది ఇంకాస్త ముందుకి, అంచున చెయ్యి తేల్చేస్తూ. 1.3 మి.మీ. నాజిల్, 6 నుంచి 8 అంగుళాల దూరం, ప్రతి కోటూ మెరుపు చచ్చేదాకా ఆగడం. చివర్లో గన్ కొంచెం దూరం పట్టి పల్చటి మిస్ట్ కోటు వేయకపోతే చారలు మిగులుతాయి.

ఇక మన ఊరి తేమ. చవక థిన్నర్ గబుక్కున ఆవిరై, చల్లబడిన ప్యానెల్ మీద తేమ పట్టి రంగు పాలిపోతుంది. నెమ్మదిగా ఆరే థిన్నర్ వాడాలి, కంప్రెసర్ ట్యాంకులో నీళ్లు ముందే వదిలేయాలి. బీచ్ రోడ్డు వైపు తిరిగే బళ్లకి పేపర్ పట్టేముందే సబ్బునీళ్లతో ఉప్పు కడగాలి. కడగకపోతే కొన్ని నెలలకి బుడగలు లేస్తాయి.

స్ప్రే డబ్బా బంపర్ మీద రాళ్ల గీతలకి ఫర్వాలేదు. డోరంతా కొడితే మచ్చలే. పైగా హార్డ్‌నర్ లేని క్లియర్ పెట్రోల్ చుక్క పడితే మెత్తబడుతుంది.

బ్లెండింగ్‌కి పక్క ప్యానెల్ డబ్బులు కూడా అడుగుతారు. సిల్వర్‌కి, గ్రేకి రెండు వైపులా చేయించండి. 26యూ లాంటి మామూలు తెలుపైతే మంచి టెస్ట్ కార్డు ఉంటే చాలు, ఆ ఖర్చు చాలాసార్లు తప్పించుకోవచ్చు.