పెరియమేడులో కొన్న వాలీబాల్ వల

నెల్లూరు జిల్లాలో మేం చదివిన హైస్కూలుకు పూర్వ విద్యార్థులమంతా కలిసి వాలీబాల్ సామగ్రి ఇవ్వాలనుకున్నాం. చెన్నైలో ఉన్నది నేనే కాబట్టి కొనే పని నా మీద పడింది. నెహ్రూ స్టేడియం దగ్గరి పెరియమేడులో ఆట వస్తువుల దుకాణాలు చాలా ఉన్నాయి. నేను వెళ్లిన దుకాణంలో పెద్దాయన తెలుగులోనే మాట్లాడారు. బంతిని తూచి చూపించారు; నియమం ప్రకారం 260 నుంచి 280 గ్రాములు ఉండాలి. వల పైఅంచులో తాడు కాదు, ఉక్కు తీగ ఉన్నదే తీసుకోమన్నారు. మా రోజుల్లో తాడు వల నడుమ జారిపోయేది, పొట్టివాళ్లం కూడా స్మాష్‌లు కొట్టేవాళ్లం! స్తంభాలకు పురుషుల ఎత్తు 2.43, మహిళల ఎత్తు 2.24 మీటర్లకు వేర్వేరుగా కొక్కేలు పెట్టించారు. బేరం కూడా మర్యాదగానే సాగింది. జెర్సీలు మాత్రం అక్కడ వేయించకండి. బడి పేరులో ఒక ఒత్తే ఎగిరిపోయింది, రంగు మొదటి ఉతుకుకే వెలిసింది.