ఎన్‌క్లెక్స్ కోచింగ్: పాఠం బాగుంది, చేతికిచ్చిన మెటీరియల్ మాత్రం వాళ్ళది కాదు

అమెరికాలో రిజిస్టర్డ్ నర్సుగా పనిచేయాలంటే రాయవలసిన ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్ పరీక్ష కోసం హైదరాబాద్‌లోని ఒక కోచింగ్ సెంటర్‌లో నేను మూడు నెలలు చదువుకున్నాను. ఐసీయూలో నైట్ డ్యూటీ దిగి, ఇంటికి కూడా వెళ్ళకుండా నేరుగా పొద్దున తొమ్మిది గంటల బ్యాచ్‌కు వెళ్ళేదాన్ని. ఫీజు 38 వేల రూపాయలు రెండు విడతల్లో కట్టాను. అందులోనే క్లాసులు, మాక్ టెస్టులు, పూర్తి మెటీరియల్ కలిసి ఉన్నాయని చెప్పారు. క్లాసులు చాలా బాగున్నాయి, మాక్ టెస్టులు పరవాలేదు. మెటీరియల్ సంగతి మాత్రం చేరబోయేవారు డబ్బు కట్టకముందే తెలుసుకోవాలి. సెంటర్ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటి మెటీరియల్ ఒక్కచోటే దొరుకుతుందని, మిగతాచోట్ల భయం లేదని ఎవరూ అనుకోకూడదన్నదే నా ఉద్దేశం.

ముందు పాఠం గురించి చెబుతాను. మాకు చెప్పిన మేడమ్ అమెరికాలోని ఆసుపత్రుల్లో మెడికల్ సర్జికల్ వార్డులో ఏళ్ళ తరబడి పనిచేసి వచ్చారు. నర్సింగ్ కాలేజీలో మేము నాలుగేళ్ళు నేర్చుకున్నది వ్యాధి నిర్వచనం, కారణాలు, లక్షణాలు, నర్సింగ్ కేర్ అని వరుసగా పది మార్కుల జవాబు రాయడం. ఎన్‌క్లెక్స్ ఆ వరుసను అడగదు. నలుగురు పేషెంట్లను ముందు పెట్టి, మొదట ఎవరి దగ్గరికి వెళతావని అడుగుతుంది. మేడమ్ బోర్డు మీద జవాబు రాసేవారు కాదు. “థైరాయిడ్ ఆపరేషన్ అయిన మర్నాడు పేషెంట్ మూతి చుట్టూ తిమ్మిరిగా ఉందంటోంది, మీరేం చూస్తారు సిస్టర్?” అని ఒక్కొక్కరినీ లేపి అడిగేవారు. కాల్షియం తగ్గిందేమోనన్న అనుమానం మా నోటి నుంచి వచ్చేదాకా, దాని తర్వాత ఏ పని ముందు, ఏ పని వెనుక అనేది మేమే తేల్చుకునేదాకా ఆమె ఊరుకునేవారు కాదు. లక్షణాన్ని గుర్తించడం, దాని అర్థం తెలుసుకోవడం, ఏది ముఖ్యమో తేల్చుకోవడం, ఏం చేయవచ్చో ఆలోచించడం, చేయడం, చేసిన తర్వాత ఫలితం చూడడం అనే ఆరు మెట్ల మీదే ఇప్పటి పరీక్ష నిలబడి ఉందని ఆమె ప్రతి కేసులోనూ చూపించారు. ఒక్క ఈ క్లాసుల కోసమే అయితే నేను మళ్ళీ ఆ ఫీజు కడతాను.

ఈ పరీక్షలో అందరికీ ఒకే పేపరు ఉండదు. మనం ఇచ్చే ప్రతి జవాబును బట్టి తరువాతి ప్రశ్న ఎంత కష్టంగా ఉండాలో కంప్యూటరే నిర్ణయిస్తుంది. తక్కువలో తక్కువ 85 ప్రశ్నలు, ఎక్కువలో ఎక్కువ 150, మొత్తం సమయం ఐదు గంటలు. మనం పాసు గీతకు పైన ఉన్నామో కింద ఉన్నామో 95 శాతం నమ్మకంగా తేలిపోతే పరీక్ష అక్కడితో ఆగిపోతుంది. కాబట్టి ఎవరో రాసిన వేయి ప్రశ్నలు బట్టీ పట్టినంత మాత్రాన అవే వస్తాయన్న ఆశకు ఇక్కడ చోటు లేదు. ఈ మాట క్లాసులో మేడమ్ మొదటి రోజే చెప్పారు. అదే రోజు మధ్యాహ్నం ఆఫీసులో మా చేతుల్లో పెట్టిన పుస్తకాలు ఆ మాటకు పూర్తిగా విరుద్ధంగా ఉన్నాయి.

ఇచ్చినవి స్పైరల్ బైండింగ్ చేసిన రెండు లావుపాటి జిరాక్స్ పుస్తకాలు, వాటితోపాటు ఒక టెలిగ్రామ్ గ్రూపు లింకు. మొదటి పుస్తకం తెరవగానే ప్రతి పేజీ మీదా ఐమూలగా, లేత బూడిదరంగులో, ఎవరిదో ఈమెయిల్ అడ్రసు కనిపించింది. ఎక్కడో ఎవరో డబ్బు కట్టి తీసుకున్న ఆన్‌లైన్ క్వశ్చన్ బ్యాంకును స్క్రీన్‌షాట్లు తీసి, ఆ పేరు చెరపకుండానే అచ్చువేశారని చూడగానే తెలిసిపోతుంది. కొన్ని పేజీల్లో కింది రెండు వరుసలు కత్తిరించుకుపోయాయి. జవాబులన్నీ పుస్తకం చివర ఒక పట్టికలో ఉన్నాయి, అవి కూడా అంకెలు మాత్రమే. అసలు క్వశ్చన్ బ్యాంకులో ప్రతి ప్రశ్న కిందా ఉండే వివరణ, అంటే సరైన జవాబు ఎందుకు సరైనదో, మిగతా మూడూ ఎందుకు కావో చెప్పే రేషనేల్, ఇందులో ఎక్కడా లేదు. ఆ సబ్‌స్క్రిప్షన్‌కు డబ్బు కట్టేదే ఆ వివరణ కోసం.

రెండో వారంలో నేనూ నా హాస్టల్ స్నేహితురాలూ రక్తం పలచబరిచే మందుల భాగం చేస్తున్నాం. హెపారిన్ డ్రిప్ నడుస్తున్న పేషెంట్‌కు రక్తస్రావం మొదలైతే ఏ మందు సిద్ధంగా ఉంచాలన్నది ప్రశ్న. పట్టికలో జవాబు రెండు అని ఉంది. రెండో ఆప్షన్ విటమిన్ కె. నేను హెపారిన్‌కు విరుగుడైన ప్రోటమైన్ సల్ఫేట్ గుర్తుపెట్టాను. “అక్కా, పుస్తకంలో విటమిన్ కె అనే ఉంది, మనమే తప్పు చదివామేమో” అని ఆ అమ్మాయి తన నోట్సులో కొట్టేసి దిద్దుకుంది. రోజూ ఐసీయూలో హెపారిన్ పంపు చూసే నేను కూడా ఒక్క క్షణం సందేహపడ్డాను. తరువాత వెనక్కి వెళ్ళి చూస్తే, అంతకు పది ప్రశ్నల ముందు జిరాక్స్‌లో ఒక ప్రశ్న జారిపోయి, మిగిలినవాటికి అంకెలు మళ్ళీ వేశారని, జవాబుల పట్టిక మాత్రం పాతదే ఉండిపోయిందని అర్థమైంది. దానితో అక్కడి నుంచి ప్రతి ప్రశ్నకూ దాని ముందు ప్రశ్న జవాబు పడింది. హెపారిన్‌కు ముందున్నది వార్ఫరిన్ అనే ఇంకో రక్తం పలచబరిచే మందు ప్రశ్న. వార్ఫరిన్‌కు విటమిన్ కె సరైనదే, హెపారిన్‌కు కాదు. ఈ తప్పు పరీక్ష హాలులో అయితే ఒక మార్కు పోతుంది, పేషెంట్ మంచం పక్కన అయితే ఏం పోతుందో నర్సులకు చెప్పనక్కరలేదు.

ఇంకో పెద్ద లోపం ఈ పుస్తకాల వయసు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఎన్‌క్లెక్స్ కొత్త రూపంలో జరుగుతోంది. ఒకే పేషెంట్ మీద ఆరేసి ప్రశ్నలు ఉండే కేస్ స్టడీలు వచ్చాయి. నర్సు నోట్సు, వైటల్స్ (బీపీ, నాడి వంటివి), ల్యాబ్ రిపోర్టు వేరువేరు ట్యాబుల్లో తెరిచి చూసుకుంటూ జవాబివ్వాలి. వర్తించేవన్నీ ఎంచమనే ప్రశ్నకు మునుపు అన్నీ సరిగ్గా ఉంటేనే మార్కు ఇచ్చేవారు, ఇప్పుడు సరైనవాటికి కొంత మార్కు వస్తుంది. మాకిచ్చిన మొదటి పుస్తకం మొత్తం పాత పద్ధతిదే. రెండో పుస్తకంలో కేస్ స్టడీలైతే ఉన్నాయి గానీ, పేషెంట్ చార్టు ఉండవలసిన చోట తెల్లని ఖాళీ గడి ఉంది, దాని కింద ఆరు ప్రశ్నలు ఉన్నాయి. చార్టు లేకుండా ఆ ఆరింటినీ ఎలా చేయాలో మాకెవరూ చెప్పలేదు.

ఆఫీసులో అడిగితే, “అందరూ ఇదే ఇస్తారమ్మా, చదువుకోవడానికేగా” అన్నారు. ఈ సమాధానం విని నేను చట్టం ఏమంటుందో చదివాను. 1957 నాటి మన కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్, సొంత చదువుకోసం న్యాయమైన మేరకు వాడుకోవడాన్ని తప్పుపట్టదు. ఢిల్లీ యూనివర్సిటీలో పాఠ్యభాగాలను జిరాక్స్ తీసి ఇచ్చే దుకాణం మీద ప్రచురణకర్తలు వేసిన కేసులో కూడా, బోధనకు అవసరమైన మేరకు తీసుకోవచ్చని 2016లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. అయితే సొంతగా చదువుకునే విద్యార్థికి, తరగతిలో ఒక భాగం పంచిన ఉపాధ్యాయుడికి ఉన్న ఆ వెసులుబాటును, ఒక సంస్థ మొత్తం క్వశ్చన్ బ్యాంకును అచ్చువేసి బ్యాచ్ తరువాత బ్యాచ్‌కు ఫీజులో కలిపి అమ్ముకోవడానికి వాడుకుంటే ఒప్పుకోలేం. తెలిసి చేసే ఉల్లంఘనకు 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి రెండు లక్షల రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. ఒక మంచి ప్రశ్నను, దాని నాలుగు ఆప్షన్లను, వివరణను ఎవరో కూర్చొని రాశారు. మా మేడమ్ ఒక్క ప్రశ్న తయారుచేయడానికి రాత్రి గంటసేపు పట్టిందని చెప్పిన రోజు నాకు ఆ శ్రమ విలువ తెలిసింది. అప్పటికే ఆ టెలిగ్రామ్ ఫైళ్ళు నేను ఇద్దరు జూనియర్లకు పంపి ఉన్నాను. ఇద్దరికీ ఫోన్ చేసి, హెపారిన్ ప్రశ్న సంగతి చెప్పి, తీసేయమని అడిగాను.

గ్రూపులో ఇంతకన్నా ప్రమాదకరమైన అలవాటు కూడా ఉంది. పరీక్ష రాసి బయటికి వచ్చినవారిని ఏమేం వచ్చాయో రాయమని ఒత్తిడి చేస్తారు. పరీక్షలోని ప్రశ్నలు బయట చెప్పనని ప్రతి అభ్యర్థీ కంప్యూటర్ ముందు ఒప్పుకున్నాకే పరీక్ష మొదలవుతుంది. మాట తప్పితే ఫలితమే రద్దు కావచ్చు. మా బ్యాచ్‌లో మొదట రాసివచ్చిన అమ్మాయిని గ్రూపులో ఇరవైమంది అడిగారు. “ఒప్పుకొని లోపలికి వెళ్ళానక్కా, టాపిక్ కూడా చెప్పను” అని నాతో అంది. పరీక్ష ఫీజు 200 డాలర్లు, మన దేశంలో కూర్చొని రాస్తున్నందుకు అదనంగా 150 డాలర్లు, తప్పితే మళ్ళీ రాయడానికి కనీసం 45 రోజుల నిరీక్షణ ఉన్న చోట ఆ అమ్మాయి చూపిన నిబ్బరం నాకు చాలా నచ్చింది.

తరువాత మేము నలుగురం ఆ పుస్తకాలు పక్కన పెట్టాం. ఎన్‌క్లెక్స్ నిర్వహించే సంస్థ, ఏ అంశాల మీద ప్రశ్నలు వస్తాయో చెప్పే టెస్ట్ ప్లాన్‌నూ, పరీక్ష తెర ఎలా ఉంటుందో చూపే నమూనా పరీక్షనూ ఉచితంగానే ఇస్తుంది. ముందు అవి చూశాం. ఒక క్వశ్చన్ బ్యాంకు కొని నలుగురం ఒకే లాగిన్‌తో వాడుకుందామన్న ఆలోచన వచ్చింది గానీ, అది వాళ్ళ నిబంధనలకు విరుద్ధం. పైగా నలుగురి జవాబులూ కలిసిపోయి, ఎవరు ఎందులో వెనకబడ్డారో చెప్పే రిపోర్టు ఎవరికీ పనికిరాకుండా పోతుంది. అందుకని ఎవరికి వారు తక్కువ గడువుది తీసుకున్నాం. క్లాసు అయ్యాక టీ బండి దగ్గర ప్రశ్నలు చర్చించుకునేవాళ్ళం. స్క్రీన్‌షాట్ పంపకూడదు, ప్రశ్నను సొంత మాటల్లో చెప్పాలి, కుదిరితే మన వార్డులో చూసిన పేషెంట్ మీద కొత్త ప్రశ్న తయారుచేయాలి అని నియమం పెట్టుకున్నాం. డిజాక్సిన్ అనే గుండె మందు ఇచ్చే ముందు గుండె దగ్గర నాడి నిమిషం పాటు లెక్కపెట్టడం, పొటాషియం ఎన్నడూ నేరుగా నరంలోకి తోయకపోవడం వంటివి అలా ప్రశ్నలుగా మార్చాకే నాకు మరిచిపోని విధంగా పట్టుబడ్డాయి. నేను పాసయ్యాను. అందులో మేడమ్ పాఠానికీ ఈ టీ బండి చర్చకూ ఉన్న వాటా ఆ స్పైరల్ పుస్తకాలకు లేదు.

మాక్ టెస్టులు వారానికి ఒకటి పెడతారు, కంప్యూటర్లు సరిపడా ఉన్నాయి. హాలులో ఏసీ పనిచేస్తుంది, మంచినీళ్ళకు ఇబ్బంది లేదు.

మెటీరియల్ వద్దనుకునేవారికి ఫీజు తగ్గించాలని నేను ఉత్తరం రాసి ఇస్తే, 5 వేలు తగ్గిస్తామని నోటిమాటగా ఒప్పుకున్నారు. చేరేవారు ఆ మాటను రసీదు మీద రాయించుకోవాలి. నేను చెప్పిన మేడమ్ పొద్దుటి బ్యాచ్‌కే వస్తారు. సాయంత్రం బ్యాచ్‌కు వేరేవారు చెబుతారు, కాబట్టి డ్యూటీ మార్పించుకోగలిగితే పొద్దున తొమ్మిది గంటల బ్యాచ్‌లోనే చేరండి.