గిల్గమెష్ కోసం కొన్నా, ఎన్కిడు దగ్గర ఆగిపోయా

ఉరుక్ నగరపు రాజు గిల్గమెష్ గురించి మట్టి పలకల మీద రాసిన ప్రాచీన మెసపొటేమియా (ఇప్పటి ఇరాక్ ప్రాంతం) కావ్యానికి ఆండ్రూ జార్జ్ ఇంగ్లీషు అనువాదం, పెంగ్విన్ పేపర్‌బ్యాక్, 2020లో వచ్చిన రెండో ఎడిషన్. ఆన్‌లైన్లో ఆర్డర్ పెడితే అట్ట మూల మడతపడి వచ్చింది, అమ్మినవాళ్ళు లోపల ఒక అట్టముక్క కూడా వేయలేదు. సరుకు మాత్రం గట్టిది.

ఎన్కిడు అంటే దేవత మట్టి ముద్ద గిల్లి అడవిలో పడేసిన మనిషి. ఒళ్ళంతా జుట్టు, లేళ్ళతో పాటు గడ్డి మేస్తాడు, మడుగులో వాటి పక్కనే నీళ్ళు తాగుతాడు, వేటగాడు తవ్విన గుంటలు పూడ్చేసి ఉచ్చులు పీకేస్తాడు. ఆ వేటగాడు ఇక లాభం లేదని ఉరుక్ నుంచి షమ్హత్ అనే వేశ్యను తీసుకొస్తాడు. (ఋష్యశృంగుడు గుర్తొచ్చాడు కదూ? ఆయనకేమో రాజకుమారి దొరికింది, దేశంలో వానలు పడ్డాయి.) ఆరు పగళ్ళు ఏడు రాత్రులు గడిచాక ఎన్కిడు మంద వైపు తిరిగితే లేళ్ళు అతన్ని చూసి పారిపోతాయి, వెంటపడదామంటే మోకాళ్ళు కదలవు. ఆ వెంటనే, అతనికి బుద్ధి వికసించింది అంటాడు కవి. ఇక్కడ పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నా.

తర్వాత కాపరులు రొట్టె పెడితే ఏం చేయాలో తెలియక మిటకరించి చూస్తాడు, ఏడు పాత్రల బీరు లాగించి పాట అందుకుంటాడు, మంగలి ఒళ్ళు గొరుగుతాడు, నూనె రాసుకుంటాడు. ఉచ్చులు పీకినవాడే ఆ రాత్రి గొర్రెలకి కాపలా! ఎంత తొందరగా పార్టీ మార్చాడో.

తర్వాత గిల్గమెష్‌కి స్నేహితుడై, ఇద్దరూ కలిసి దేవదారు అడవి నరికే చోట 2014లో ప్రచురించిన సులేమానియా మ్యూజియం (ఇరాక్) పలకలోని పాఠం కూడా ఈ ఎడిషన్లో కలిసింది. అడవిని బీడు చేశాం కదా అని ఎన్కిడే అంటాడు అందులో. ఆ అడవి చెట్టుతో చేయించిన గుడి తలుపునే, తను చావు ముంగిట ఉన్నప్పుడు, మనిషిని తిట్టినట్టు తిడతాడు, కొలతలతో సహా. వేటగాణ్ణీ షమ్హత్‌నీ కూడా శపిస్తాడు. రొట్టె, బీరు, బట్టలు, గిల్గమెష్ లాంటి స్నేహితుడు, ఇవన్నీ ఇచ్చింది ఆవిడేగా అని సూర్యదేవుడు లెక్క చెబితే మెత్తబడి దీవిస్తాడు. నాకైతే ఆ లెక్క కుదరలేదు, అందులో లేళ్ళు లేవు.

కంప్లయింట్ ఒక్కటే. పలకలు విరిగిన చోటల్లా చదరపు బ్రాకెట్లు, చుక్కలు, సరిగ్గా ఏడుపొచ్చే చోట వాక్యం తెగిపోతుంది. అది మట్టి తప్పు, అనువాదకుడిది కాదు. వెనక ఉన్న సుమేరియన్ కవితలు తర్వాత చదువుకోవచ్చు. నాలుగున్నర స్టార్లు. ఏడో పలక అయ్యాక ఆపేయకండి, ఎనిమిదిలో గిల్గమెష్ చనిపోయిన ఎన్కిడు కోసం ఏడుస్తూ నీ తల్లి లేడి, నీ తండ్రి అడవి గాడిద అంటాడు, ఆ తర్వాత తనే సింహం తోలు కప్పుకుని అడవుల్లో పడతాడు.