నాలుగొందల ఏళ్ల సొర కోసం చెన్నైలో రెండు రోజులు

మా పాపకు పదేళ్లు. ఏడాదిగా దానికి గ్రీన్‌లాండ్ సొర (షార్క్) తప్ప వేరే ధ్యాస లేదు. ఆర్కిటిక్ దాకా తీసుకెళ్లడం మా వల్ల కాదు. అందుకే నెల్లూరులో పినాకిని రైలు ఎక్కి చెన్నై వెళ్లాం.

ఎగ్మోర్ దగ్గర ఒక లాడ్జిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది కానీ ఆరు దాటితే గాని వేడినీళ్లు రావు. తెల్లారకముందే బయల్దేరేవాళ్లు ముందే అడిగి దిగండి.

శనివారం ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్)లో అక్వేరియం చూశాం. గాజు సొరంగంలో నెత్తి మీదుగా సొరలు ఈదుతుంటే పిల్లలకు పండగే. టికెట్ మాత్రం బరువే. పైగా అక్కడివన్నీ వెచ్చటి నీళ్ల చేపలు. గడ్డకట్టే చలిలో, రెండు వేల మీటర్ల లోతుకు కూడా దిగే గ్రీన్‌లాండ్ సొర లాంటి స్లీపర్ షార్కులు అక్కడెందుకుంటాయి?

అసలు చూడాల్సింది ఆదివారం తెల్లవారుజామున కాశిమేడు చేపల రేవు. చెప్పులు తడుస్తాయి, వాసన ఉంటుంది, అయినా వెళ్లండి. ఐసు మీద మూరెడు సొర ఉంది. పాప తల నుంచి తోక వైపు నిమిరితే నున్నగా ఉంది.

"ఎదురు నిమరొద్దు పాపా, గీసుకుంటది" అంది చేపలమ్మే అక్క, తెలుగులోనే. వేలితో ఎదురు రాసి చూశాను, గరుకు కాగితమే. బాలింతలకు సొరపుట్టు పెడతామందామె. గ్రీన్‌లాండ్ సొర పచ్చి మాంసం విషమనీ, ఐస్‌లాండ్‌లో దాన్ని పులియబెట్టి, నెలల తరబడి ఆరేశాకే తింటారనీ పాప చెప్తే కత్తి పక్కన పెట్టి మరీ విన్నది.

పాప చాలాసేపు ఆ సొర కన్నే చూసింది. ఎందుకో నాకు తెలుసు. ఉత్తరాన వలల్లో పడిన 28 ఆడ సొరల కంటి కటకం నడిమి భాగంలోని కార్బన్‌ను బట్టే వాటి వయసు కట్టారు. 2016లో వచ్చిన ఆ లెక్కలో అయిదు మీటర్ల సొరకు దాదాపు 392 ఏళ్లు. అటూ ఇటూ 120 ఏళ్లు తేడా ఉండొచ్చు. ఆడది ఈడుకు రావడానికే నూట యాభై ఏళ్లు పడుతుందట. అలాంటిది వలలో పడి పోయిందంటే నాకు ప్రాణం ఉసూరుమంది.

మధ్యాహ్నం సెయింట్ జార్జ్ కోట మ్యూజియానికి వెళ్లాం. శుక్రవారం సెలవు, చూసుకుని వెళ్లండి. అప్పట్లో ఈ ప్రాంతాన్ని ఏలిన దామర్ల నాయకులు ఇంగ్లీషువాళ్లకు ఈ నేల ఇచ్చింది 1639లో అని చెప్పాను. పాప వేళ్ల మీద లెక్కేసింది.

"నాన్నా, అప్పటికే దానికి పదిహేనేళ్లు!"