ఉపగ్రహ చిత్రంలో కావలసిన మేరకే కోసుకోవడానికి స్నాప్: ఒక సమీక్ష

బెంగళూరు చెరువుల మీద ప్రాజెక్టు చేయాలనుకునే తెలుగు విద్యార్థులు ఉపగ్రహ చిత్రాలను ఏ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టాలని అడిగితే, యూరోపియన్ అంతరిక్ష సంస్థ ఉచితంగా అందిస్తున్న స్నాప్ పేరే చెబుతాను. దానికి ప్రధాన కారణం అందులోని సబ్‌సెట్ అనే కిటికీ. పని మొదలుపెట్టకముందే ఏ ప్రాంతం కావాలో, ఏ బ్యాండ్లు (ఒక్కో రంగు కాంతిని, కంటికి కనబడని కిరణాలను విడివిడిగా నమోదు చేసిన పొరలు) కావాలో తేల్చుకోమని అది మనల్ని అడుగుతుంది.

ఆ అవసరం ఎంతటిదో చూడండి. యూరప్ ఉపగ్రహం సెంటినెల్-2 చిత్రాలు టైళ్ళనే చదరపు ముక్కలుగా వస్తాయి. ఒక్కో టైల్ సుమారు 110 కిలోమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉంటుంది. అందులో 10 మీటర్ల బ్యాండ్ (ఒక్కో పిక్సెల్ నేల మీద 10 మీటర్ల చదరం) ఒక్కొక్కదానికి అడ్డంగా 10,980, నిలువుగా 10,980, అంటే మొత్తం 12 కోట్లకు పైగా పిక్సెళ్ళు ఉంటాయి. నగరంలోకెల్లా పెద్దదైన బెళ్ళందూరు చెరువు సుమారు 900 ఎకరాలు. పిక్సెళ్ళలో చెప్పాలంటే దాదాపు 36 వేలు. మిగతాదంతా మోయడం ల్యాప్‌టాప్‌కు వృథా శ్రమ. సబ్‌సెట్ కిటికీ అడుగున, మనం ఎంచుకున్న భాగానికి ఎంత నిల్వస్థలం పడుతుందో అంచనా కనిపిస్తుంది. హద్దులు తగ్గించేకొద్దీ ఆ అంకె దిగిపోవడం చూస్తే ఎక్కడ ఆగాలో తెలుస్తుంది.

ఆ కిటికీలోని చిన్న బొమ్మ మీద నీలిగీతల చట్రాన్ని లాగి ప్రాంతాన్ని ఎంచుకోవచ్చు గానీ, అంత పెద్ద టైల్‌లో చెరువు చుక్కలా ఉంటుంది కనుక చేయి కుదరదు. ముందు అసలు చిత్రాన్ని పెద్దది చేసి, చెరువు తెరనిండా వచ్చాక, కుడి క్లిక్‌తో కనిపిస్తున్నంత మేరకు కోసుకోమనడమే మంచి పద్ధతి. పిక్సెల్ అంకెలు ఇవ్వదలిస్తే ప్రారంభం, పొడవు, వెడల్పు 6 గుణిజాలుగా ఉంచండి. అప్పుడు 10, 20, 60 మీటర్ల బ్యాండ్ల అంచులు ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చుంటాయి. చెరువు గట్టుదాకానే కోయకుండా చుట్టూ కొంత నేల, కొన్ని ఇళ్ళు, కొంత పచ్చదనం వదిలిపెట్టడం కూడా అవసరం. నీరు కానిది ఎలా ఉంటుందో పక్కనే లేకపోతే నీటిని వేరుచేయడం కష్టం.

బ్యాండ్ల విషయంలో స్నాప్ చేసే మేలు మరింత పెద్దది. బ్యాండ్ పేరుతో పాటు తరంగదైర్ఘ్యం కూడా చూపుతుంది. సెంటినెల్-2లో బి4 అంటే 665 నానోమీటర్ల ఎరుపు. మన దేశపు రిసోర్స్‌శాట్ ఉపగ్రహంలోని లిస్-3 కెమెరాలో నాలుగో బ్యాండ్ సమీప పరారుణం (ఎరుపు దాటాక వచ్చే, కంటికి కనబడని కాంతి). అమెరికా ఉపగ్రహం లాండ్‌శాట్-8లో ఆ పరారుణం ఐదోది. అంకె చూసి ఎంచుకునేవారికి ఫలితం తలకిందులవుతుంది కాబట్టి, తరంగదైర్ఘ్యం చూసే అలవాటు మొదటి రోజు నుంచే చేసుకోవాలి.

ఏ బ్యాండ్లు అన్నదానికి జవాబు మన ప్రశ్నలోనే ఉంటుంది. నీటి విస్తీర్ణానికి ఆకుపచ్చ బి3, సమీప పరారుణ బి8 చాలని చాలా పాఠాలు చెబుతాయి. తేట నీటికి అది నిజమే. కానీ బెళ్ళందూరు, వర్తూరు చెరువుల్లో గుర్రపుడెక్క పరచుకున్న చోట ఆకులు పరారుణాన్ని బలంగా వెనక్కి పంపుతాయి. లెక్కలో ఆ నీరు నేలగా తేలుతుంది. అందుకే ఆకులను, నీటిని వేరుచేసి చూడడానికి 705 నానోమీటర్ల బి5, 1,610 దగ్గరి బి11 కూడా ఉంచుకోమంటాను. వాతావరణం కోసం ఉద్దేశించిన 60 మీటర్ల బ్యాండ్లను మాత్రం ఈ పనికి నిశ్చింతగా వదిలేయవచ్చు.

మేఘాలను గుర్తించే వర్గీకరణ పొరను వదలకండి. అయితే అది 20 మీటర్లది. 10 మీటర్లకు మార్చేటప్పుడు సమీప పిక్సెల్ పద్ధతినే (దగ్గరి పిక్సెల్ విలువను ఉన్నదున్నట్టు తీసుకునేదాన్ని) వాడాలి. ఆ పొరలో 4 అంటే పచ్చదనం, 6 అంటే నీరు. రెంటినీ సగటు చేసే పద్ధతి వాడితే చెరువు అంచున 5 వస్తుంది. 5 అంటే మొక్కల్లేని నేల. లేని నేల గట్టు వెంబడి గీతలా పుట్టుకొస్తుంది, చూసేవారు దాన్ని నిజమనే అనుకుంటారు. ఈ మార్పు కోత తర్వాతే చేయండి. మొత్తం టైల్‌ను ముందు 10 మీటర్లకు మార్చడం మొదలుపెడితే మెమరీ తక్కువున్న కంప్యూటర్ మొరాయిస్తుంది.

సబ్‌సెట్ కిటికీలోని మెటాడేటా (చిత్రం గురించిన వివరాలు) ట్యాబ్‌ను ముట్టుకోకపోవడమే క్షేమం. 2022 జనవరి 25 నుంచి వచ్చిన ప్రాసెసింగ్ మార్పుతో పిక్సెల్ విలువల్లోంచి 1,000 తీసి 10,000తో భాగిస్తేనే పరావర్తనం (పడిన కాంతిలో వెనక్కి వచ్చిన పాలు) వస్తుంది. పాత చిత్రాలతో పోల్చేటప్పుడు ఆ సమాచారం ఉండితీరాలి.

లోపాల్లో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది సహాయ పాఠాల తీరు. ఏ బటన్ ఏమి చేస్తుందో చెబుతాయి గానీ, ఏ ప్రశ్నకు ఏ బ్యాండ్ అన్నది కొత్తవారికి చెప్పవు. బెంగళూరు నుంచి శుద్ధిచేసిన మురుగునీరు చేరే కోలారు చెరువులను కూడా కలిపి చూడాలనుకునేవారికి మరో జాగ్రత్త చెప్పాలి. భూమిని నిలువు పట్టీలుగా విభజించే పటాల పద్ధతి యూటీఎంలో జోన్ 43 తూర్పు రేఖాంశం 78 డిగ్రీల దగ్గర ముగుస్తుంది; బెళ్ళందూరు 43లో ఉంటే కోలారు పట్టణం 44లో ఉంటుంది. బెళ్ళందూరుకు రాసుకున్న పిక్సెల్ అంకెలు అక్కడ పనికిరావు. కోత హద్దులను అక్షాంశ రేఖాంశాల్లోనే ఇచ్చి, రెంటినీ ఒకే ప్రొజెక్షన్‌లోకి (గుండ్రని నేలను చదునైన పటంగా మార్చే పద్ధతిలోకి) తెచ్చాకే పోల్చండి.