లిబ్‌కర్ల్‌తో తొమ్మిదేళ్లు: నేను కెలికిన ఆప్షన్లే నన్ను తిప్పలు పెట్టాయి

మా ఆఫీసులో రోజూ రాత్రి పదకొండింటికి ఒక సి++ ప్రోగ్రామ్ నడుస్తుంది. బ్రాంచీల లెక్కల ఫైళ్లన్నీ మూటగట్టి ఒక భాగస్వామి సంస్థ సర్వర్‌కి పంపుతుంది. పంపే పని లిబ్‌కర్ల్‌ది, అంటే నెట్ మీద ఫైళ్లు పంపడానికీ తెచ్చుకోవడానికీ ప్రోగ్రాముల్లో వాడుకునే లైబ్రరీది. డేనియల్ స్టెన్‌బెర్గ్ 1998లో కర్ల్ పేరుతో బయటికి తెచ్చిన టూల్‌లోని ఇంజినే ఇది. 2000 నుంచి విడిగా లైబ్రరీగా దొరుకుతోంది. తొమ్మిదేళ్లలో లైబ్రరీ తప్పు వల్ల నా నిద్ర చెడిన రాత్రి ఒక్కటీ గుర్తు లేదు. నేను ఆప్షన్లు మార్చి చెడగొట్టుకున్నవి మాత్రం చాలానే ఉన్నాయి.

సర్టిఫికెట్ల (సర్వర్ తానెవరో రుజువు చేసుకునే గుర్తింపు పత్రాల) సంగతే చూడండి. వెరిఫై పీర్ అనే ఆప్షన్, సర్వర్ చూపించిన సర్టిఫికెట్ వెనక మనం నమ్మే రూట్ (మిగతా సర్టిఫికెట్లకి మూలమైన సర్టిఫికెట్) ఉందా లేదా అని చూస్తుంది. వెరిఫై హోస్ట్, ఆ సర్టిఫికెట్ మనం అడిగిన పేరుకే ఇచ్చారా అని చూస్తుంది. మనం ముట్టుకోకపోతే మొదటిది 1, రెండోది 2. అంటే రెండూ ఆన్‌లోనే ఉంటాయి. ఎర్రర్ 60 (సర్టిఫికెట్ తనిఖీ తప్పిందని) రాగానే ఎవరిని అడిగినా "రెండూ సున్నా పెట్టెయ్, పోతుంది" అంటారు. నేనూ అదే చేశాను. మర్నాడు పొద్దున డెమో మరి. పక్కనే 'తర్వాత సరిచేయాలి' అని కామెంట్ కూడా రాసుకున్నాను. మూడేళ్ల తర్వాత ఆడిట్‌కి వచ్చినాయన ఆ లైను మీద వేలు పెట్టి, "దారిలో ఎవడైనా కూర్చుని నేనే సర్వర్‌ని అంటే పాస్‌వర్డ్ వాడి చేతికిచ్చేస్తారన్నమాట" అన్నాడు.

సరే అని దిద్దడానికి కూర్చున్నాను. అక్కడ ఇంకో గుంట. వెరిఫై హోస్ట్‌కి ట్రూ అని ఇచ్చాను. ట్రూ అంటే 1, కావాల్సింది 2. చాలా పాత వెర్షన్లలో 1 అంటే సర్టిఫికెట్‌లో ఏదో ఒక పేరుంటే చాలు, ఎవరిదైనా సరే. 7.28.1 నుంచి 1 ఇస్తే ఎర్రర్ తిరిగిస్తుంది, పాత విలువను ముట్టుకోదు. 7.66 నుంచి 1నీ 2 లాగే చూస్తుంది. మాది ఆ రెంటి మధ్య వెర్షన్. పైన ఎక్కడో మొదలుపెట్టే ఫంక్షన్‌లో సున్నా ఉంది, కింద నా ట్రూని లైబ్రరీ తిప్పికొట్టింది, సున్నా అలాగే మిగిలింది. ఆప్షన్లు పెట్టే ఫంక్షన్ సెట్ఆప్ట్ తిరిగిచ్చే కోడ్‌ని నేను ఎక్కడా చూడటం లేదు. లైబ్రరీ చెప్పింది, నేనే వినలేదు. ఇప్పుడు ప్రతి సెట్ఆప్ట్ చుట్టూ చిన్న తనిఖీ ఉంటుంది. చూడ్డానికి కోడ్ బాగోదు, పర్లేదు.

సర్టిఫికెట్ల విషయంలో నిజంగా టెన్షన్ పెట్టింది 2021 సెప్టెంబర్ 30. ఆ సాయంత్రం మన టైమ్‌లో ఏడున్నరకి డీఎస్‌టీ రూట్ సీఏ ఎక్స్3 అనే పాత రూట్ సర్టిఫికెట్ గడువు తీరింది. పదకొండింటికి మా పని ఎర్రర్ 60తో ఆగింది. వెర్బోస్ (జరిగేదంతా వివరంగా చూపించే ఆప్షన్) పెట్టి చూస్తే సర్వర్ సర్టిఫికెట్‌కి ఇంకా నెలలు గడువుంది, లైబ్రరీ మాత్రం గడువు తీరిందంటోంది. కారణం లిబ్‌కర్ల్ కాదు, దాని కింద సర్టిఫికెట్లు తనిఖీ చేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీ 1.0.2 వెర్షన్. సర్వర్ పంపిన సర్టిఫికెట్ల గొలుసు పట్టుకుని అది పాత రూట్ దాకా వెళ్లి అక్కడే ఆగిపోతుంది. కొత్త ఐఎస్‌ఆర్‌జీ రూట్ మన దగ్గరే ఉన్నా అటు చూడదు. సీఏ ఇన్ఫో అనే ఆప్షన్‌కి ఇచ్చిన, నమ్మే రూట్లుండే ఫైల్లోంచి గడువు తీరిన రూట్‌ని తీసేశాక ఒంటిగంటకి ఫైళ్లు కదిలాయి. వెరిఫై పీర్ సున్నా చేసుంటే అయిదు నిమిషాల్లో ఇంటికెళ్లేవాణ్ణి. చెయ్యి అటే పోయింది కూడా.

ఎఫ్‌టీపీని (ఫైళ్లు పంపే పాత పద్ధతి) టీఎల్‌ఎస్ (దారిలో ఎవరూ చదవకుండా గుప్తీకరించే పద్ధతి) మీద వాడేవాళ్లు యూజ్ ఎస్‌ఎస్‌ఎల్ ఆప్షన్‌ని ఒకసారి చూసుకోండి. అందులో 'ట్రై' అనే విలువ పేరు మెత్తగా ఉంటుంది. అవతలి సర్వర్ టీఎల్‌ఎస్ కుదరదంటే చప్పుడు చేయకుండా మామూలు ఎఫ్‌టీపీలోకి దిగిపోయి పాస్‌వర్డ్ పంపేస్తుంది. 'కంట్రోల్' ఇస్తే లాగిన్ వరకే గ్యారంటీ, ఫైలు సంగతి కాదు. 'ఆల్' తప్ప మిగతావి నాకు పనికిరావు.

పాసివ్ మోడ్ (ఫైలు కోసం ఏ అడ్రస్‌కి రావాలో ఎఫ్‌టీపీ సర్వరే చెప్పే పద్ధతి) గోల ఒకసారే వచ్చింది. సర్వర్ 227 జవాబులో 192,168,1,20,195,80 అని పంపింది. మొదటి నాలుగూ అడ్రస్, చివరి రెండూ పోర్టు: 195ని 256తో గుణించి 80 కలిపితే 50000. పోర్టు బాగానే ఉంది, అడ్రస్ మాత్రం వాళ్ల ఆఫీసు లోపలిది. ఆ అడ్రస్‌ని వదిలేసి ముందు కలిసిన చోటికే వెళ్లమనే ఆప్షన్ ఉంది, స్కిప్ పాస్వ్ ఐపీ. 7.74 నుంచి అది దానంతటదే ఆన్‌లో ఉంటుంది, కాబట్టి కొత్తవాళ్లకి ఈ బాధ లేదు.

టైమవుట్ గురించి ఒక్క మాట. ఆ ఆప్షన్ మొత్తం బదిలీకి వర్తిస్తుంది. నేను 60 సెకన్లు పెట్టాను. నెలాఖరు ఫైలు పెద్దదై ప్రతిసారీ సగంలో తెగేది. ఇప్పుడు లో స్పీడ్ లిమిట్, లో స్పీడ్ టైమ్ వాడుతున్నాను: 30 సెకన్లపాటు సెకనుకి 1000 బైట్లకన్నా తక్కువ నడిస్తేనే ఆపు, లేదంటే ఎంతసేపైనా పోనీ.

నాకు బాగా నచ్చింది పోస్ట్ కోట్, బదిలీ అయ్యాక సర్వర్‌కి కమాండ్లు పంపే ఆప్షన్. ఫైలుని '.పార్ట్' తోకతో ఎక్కించి, అయ్యాక పేరు మార్చే రెండు కమాండ్లు అందులో పెడతాను. ఎక్కించడం విఫలమైతే ఆ కమాండ్లు నడవవు. సగం ఫైలుని అవతలివాళ్లు చదివేయడం ఆ రోజుతో ఆగిపోయింది.

నచ్చనివీ ఉన్నాయి. ఆప్షన్లు వందల్లో ఉన్నాయి, ఏది దేనితో కలిస్తే ఏమవుతుందో అనుభవం మీదే తెలుస్తుంది. సెట్ఆప్ట్‌కి లాంగ్ రకం సంఖ్య ఇవ్వాల్సిన చోట ఇంట్ రకం ఇచ్చినా నా సి++ కంపైలర్ నోరెత్తలేదు. విండోస్‌లో లాంగ్ 32 బిట్లే కాబట్టి 2 జీబీ దాటిన ఫైళ్లకి సైజు చెప్పడానికి ఇన్ఫైల్ సైజ్ లార్జ్ అనే ఆప్షన్ వాడాలని నాకు ఒక ఫైలు పోయాకే తెలిసింది. ఒక్కో ఆప్షన్‌కి ఒక్కో మాన్యువల్ పేజీ ఉంది, ఏ వెర్షన్‌లో వచ్చిందో కూడా రాసి ఉంటుంది. నేనవి చదవడం మొదలుపెట్టింది ఆరో ఏడులో.